కుక్కరు కూతకి కామెంట్లు రావడం లేదు

లోకంలో ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటంటే, తన బ్లాగు అత్తగారు చదవడం.

మిగతా భయాలు లేవని కాదు. పాపకి జ్వరం వస్తుందేమో, గ్యాసు కట్టేశానో లేదో, లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమో అన్నీ ఉన్నాయి. నిద్రపోతున్న పాప ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ వేలికి పాప లేచి కూర్చుంటుంది. లేచింది కాబట్టి ఊపిరి ఉన్నట్టే అని కాసేపు ధైర్యంగా ఉంటుంది. కానీ ఈ భయాలన్నీ వరసలో వెనక నిలబడేవే. ముందు నిలబడేది కళ్ళజోడు పెట్టుకున్న అత్తగారు, ఆవిడ చేతిలో ఫోను, ఆ ఫోనులో “కుక్కరు కూత”.

అదీ ఆమె బ్లాగు పేరు. పొయ్యి మీద కుక్కరు పెట్టి, అది కూతలు పూర్తిచేసేలోపు ఎంత రాయగలిగితే అంత రాసి పెట్టేస్తుంది. దిద్దుకోవడాలూ మెరుగులూ లేవు. పరీక్షలు రాయకముందే పెళ్ళి కుదిరిందామెకి. “పెళ్ళయ్యాక రాసుకోవచ్చులే” అన్నారందరూ. పెళ్ళయ్యాక రాసినవన్నీ సరుకుల చీటీలే. ఆ చీటీల వెనక వైపు మొదలైన రాత, పాప పుట్టాక ఫోనులోకి మారింది.

బ్లాగులో ఎవరికీ పేర్లుండవు. అత్తగారు హెడ్డాఫీసు. భర్త బ్రాంచి మేనేజరు, సొంతంగా నిర్ణయం తీసుకోడు, పైనుంచి వచ్చినదాన్ని కింద అమలు చేస్తాడు. పాప తనిఖీ అధికారి, చెప్పాపెట్టకుండా ఏ గదిలోకైనా వచ్చి ఏ డబ్బా అయినా తెరిచి చూస్తుంది. ఇక తనేమో జీతం, సెలవు, కుర్చీ మంజూరు కాని ఉద్యోగి.

కుర్చీ సంగతి సరదాకి రాసింది కాదు. భోజనాల బల్ల చుట్టూ కుర్చీలు సరిపడానే ఉన్నాయి. అయితే ఆమె కుర్చీలో ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టల కుప్ప ఉంటుంది. “నువ్వెలాగూ తర్వాత తింటావుగా” అని అత్తగారే తెచ్చి అక్కడ పోస్తారు. తర్వాత ఆమె తింటుంది కూడా, వంటింటి గట్టుకి ఆనుకుని, పాపని చంకలో వేసుకుని, ఒంటిచేత్తో.

ఆ కుర్చీ పోస్టుకే మొదటిసారి జవాబొచ్చింది. రాసినావిడ పేరు తడిచెయ్యి. “నీకు కుర్చీ అయినా ఉంది తల్లీ, బట్టలకైనా పనికొస్తోంది. నాకున్నది స్టూలు. అదీ పై అరలో డబ్బాలు దించడానికి” అంది. ఆమె అది చదివి ఎంత నవ్విందంటే, వంటింట్లో ఒంటరిగా నవ్వుతున్నందుకు అత్తగారు వచ్చి నుదురు ముట్టుకుని చూశారు. అప్పటినుంచి ఏ పోస్టు పెట్టినా మొదటి కామెంటు తడిచెయ్యిదే. అంట్లు తోముతూ మధ్యలో చదువుతుందట. అందుకే ఆ పేరు.

అలా బాగానే సాగుతుండగా ఒకరోజు అత్తగారు టైమెంతయిందో చూద్దామని ఆమె ఫోను తీశారు. తెర మీద అప్పుడే వచ్చి వాలిన కామెంటు. “అత్తగారంటే” అన్న మొదటి మాట కనిపించింది.

“అమ్మాయ్, ఏంటిది, అత్తగారంటే అంటున్నారెవరో?”

“వంట వీడియో అత్తయ్యా. అత్తగారంటే భలే చేస్తారని...”

“మరి నువ్వు చూసి నేర్చుకోవేం?” అని ఫోను ఇచ్చేశారావిడ. ఆమె గుండె మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే బ్లాగు సెట్టింగులన్నీ వెతికితే ఒక పెట్టె దొరికింది. ఏ మాటలున్నవాటిని ఆపమంటారని అడిగింది. ఆమె ఆబగా కొట్టింది: అత్త, అత్తయ్య, అత్తగారు, మామగారు, ఆడపడుచు. ఎవరైనా ఆ మాటలు రాస్తే అవి మాత్రం చెరిగిపోయి మిగతాది వస్తుందనుకుంది. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

ఆ వారం నుంచి కామెంట్లు రావడం ఆగిపోయింది.

పాప ఏడిస్తే ఆమెకొక పద్ధతుంది. ముందు తడిసిందేమో చూస్తుంది. తర్వాత ఆకలి, తర్వాత చొక్కా మెడలో గుచ్చుకునే చీటీ, తర్వాత కడుపులో గాలి. ఒక్కొక్కటే చూడాలి, అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. బ్లాగునీ అలాగే చూసింది. కొత్తగా వేసిన గులాబీ రంగు తీసేసి పాత రంగు పెట్టింది. పైనుంచి పువ్వులు రాలే బొమ్మ తీసేసింది. చివరికి బ్లాగులోంచి బయటికొచ్చి, ఎవరో పరాయి మనిషిలా తన పోస్టు కిందే “చాలా బాగా రాశారండీ” అని రాసింది. తక్షణం కనిపించింది. అంటే తనని తాను పొగుడుకోవడానికి ఏ అడ్డూ లేదన్నమాట. మరి యంత్రం బాగానే ఉంటే తప్పెక్కడుంది? బహుశా తన రాతలోనే ఉంది. తడిచెయ్యికి కూడా విసుగొచ్చేసింది.

పొద్దున్న ఫలహారం పెడుతూ భర్తని కదిపి చూసింది. “ఏమండీ, కామెంట్లు ఉన్నట్టుండి ఆగిపోతే ఏం చూసుకోవాలి?”

“ఎవరి కామెంట్లు?”

“ఊరికే.”

“ఊరికే వాటికి నా దగ్గర జవాబులుండవు. చెప్పినా నీకర్థం కాదులే. ఉప్పు ఇలా పడెయ్.”

విశేషమేమిటంటే అతని ఉద్యోగమే అది. బ్లాగులు పెట్టుకోనిచ్చే ఒక కంపెనీలో, జనం ఫోను చేస్తే దారి చెప్పే విభాగం. ఆ కంపెనీ ఇచ్చిన కప్పు వంటింట్లో ఉంది. ఆమె అందులో గరిటెలు పెట్టుకుంటుంది. కప్పు మీద “మీకోసం మేమున్నాం” అన్న మాటా, కింద ఫోను నంబరూ ఉంటాయి. ఆమెకి తెలిసిన కంపెనీ అదొక్కటే కాబట్టి బ్లాగూ అక్కడే పెట్టింది. ఇప్పుడు ఆ నంబరు వైపు చాలాసేపు చూసింది. ఫోను చేసినవాళ్ళ నంబరు తమకి కనపడదని అతనే ఒకసారి అన్నాడు. పైగా హాలు నిండా ఫోన్లెత్తేవాళ్ళే ఉంటారట. అంతమందిలో అతనే ఎత్తుతాడా?

మధ్యాహ్నం పాప పడుకుని, అత్తగారు టీవీ ముందు కునుకు తీస్తున్నప్పుడు బాల్కనీలో ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి నంబరు నొక్కింది. కాసేపు సంగీతం. తర్వాత:

“నమస్తే మేడమ్. చెప్పండి, మీకేవిధంగా సాయపడగలను?”

అతనే ఎత్తాడు.

పెట్టేద్దామనుకుంది, కానీ కామెంట్లు గుర్తొచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజానికి అంత అవసరం కూడా లేదు. పెళ్ళయ్యాక ఇంట్లో ఆమె గొంతు వాడింది “ఊ”, “వస్తున్నా”, “అయిపోయింది”, ఈ మూడింటికే. పొద్దుటిలా ఎప్పుడైనా పూర్తి వాక్యం మాట్లాడినా, అతనెప్పుడు విన్నాడు గనక గుర్తుపట్టడానికి?

చెప్పింది. ఎప్పటినుంచి ఆగాయో, తను ఏమేం తీసి చూసిందో, పరాయి మనిషిలా రాస్తే ఎలా వచ్చిందో, అన్నీ వరసగా చెప్పింది.

“అబ్బ, ఎంత చక్కగా చెప్పారు మేడమ్!” అన్నాడతను. “ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరండి. మా పని సగం మీరే చేసేశారు. మీ బ్లాగు తెరిచి చూడమంటారా?”

“వద్దొద్దు!”

“మీ ఇష్టం మేడమ్. మీ అనుమతి లేకుండా మేం చూడం.”

ఇంట్లో ఆమె ఫోను ఎప్పుడు మోగినా ముందు అతనే తీసి చూస్తాడు. దుప్పటి అంచు పట్టుకుని ఆమె నోరు తెరిచి నిలబడింది. సరిగ్గా అప్పుడే లోపల పాప లేచింది. ఏడుపు గదులు దాటి బాల్కనీలోకి వచ్చేసింది. దొరికిపోయాననుకుంది.

“మేడమ్, మీ పాప ఏడుస్తున్నట్టుంది” అన్నాడతను మెత్తగా. “చూసుకోండి. కంగారేం లేదు, నేను లైన్లో ఉంటాను.”

పాపని చంకనేసుకుని తిరిగొస్తే అతను నిజంగానే ఉన్నాడు. “సర్దుకుందా మేడమ్? పాపం, పిల్లలతో మీకు ఎంత కష్టమో. మా ఇంట్లోనూ ఒకతి ఉందండి. మంచిది, అస్సలు ఏడవదు.”

పాప చేత్తో ఫోను లాక్కోబోయింది. వాళ్ళ నాన్నే కదా మరి.

అతను చెప్పినట్టు ఎడమవైపున్న మూడు గీతలు నొక్కింది. “ఆపి ఉంచినవి” అన్నచోట వేలు పెట్టింది. అంతే, తెర కిందికీ కిందికీ జారుతూనే ఉంది. అన్నీ కామెంట్లే. ఒక్కటీ పోలేదు, అన్నీ అక్కడే తలుపేసినట్టు ఆగి ఉన్నాయి.

“చూశారా! మీరేదో మాటని ఆపమన్నారు మేడమ్. ఆ మాట ఉంటే కామెంటు మొత్తం ఆగిపోతుంది. ఏ మాటండీ అది?”

“అత్తగారు” అంది ఆమె సన్నగా.

“ఓహో” అని నవ్వాడతను. “అంత భయమా? అదృష్టం, మా ఇంట్లో ఆ గొడవే లేదు. మా ఆవిడకి మా అమ్మంటే ప్రాణం.”

ఫోను పెట్టేశాక, సేవ ఎలా ఉందో ఒకటి నుంచి ఐదు లోపు నొక్కమంది ఒక ఆడగొంతు. ఐదు నొక్కింది. న్యాయం న్యాయమే.

తర్వాత బాల్కనీ గచ్చు మీదే కూర్చుని చదివింది. ఎంతమంది! “మా అత్తగారు నా స్నానానికి గడియారం చూస్తారు.” “మా అత్త మంచిదే, ఆడపడుచు ఆవిడకి బాకా.” “నేనే అత్తని. ఈ మధ్య నా కోడలు నవ్వడం మానేసింది, నేనేం చేయాలో చెప్పగలవా అమ్మా?” ఒక్క అత్తగారికి జడిసి తను ఇంతమంది నోళ్ళు నొక్కేసింది. చివర చివర అన్నీ తడిచెయ్యివే. మొదట్లో నవ్వులు. తర్వాత “నా కామెంటు వేయట్లేదేం, అత్త మీద అలిగావా?” తర్వాత “మా అత్తలాగే నీకూ కోపమొచ్చిందా నామీద?” అన్నిటికన్నా చివరిది చిన్నది.

“అత్త ఊరెళ్ళింది. ఇంట్లో ఆయనా నేనే. కుడిచేతికి కట్టు కట్టారు. ఎడమచేత్తో కొడుతున్నా. అందరికీ జారిపడ్డానని చెప్పా. ఎలా తగిలిందో నువ్వయినా అడుగు.”

ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె వెంటనే పోస్టు కింద “తడిచెయ్యీ, ఎలా తగిలింది?” అని రాసింది. సాయంత్రం దాకా పది పనుల మధ్య చూస్తూనే ఉంది. జవాబు రాలేదు.

భోజనాల దగ్గర అతను మహా హుషారుగా ఉన్నాడు. “అమ్మా, ఇవాళ ఒకావిడ ఫోన్ చేసింది. ఎంత తెలివైందనుకున్నావు! ఏం మాట, ఏం పద్ధతి. ఐదుకి ఐదు ఇచ్చింది నాకు.”

“ఎవరింటి కోడలో, పెట్టి పుట్టారు” అన్నారు అత్తగారు, ఎదురుగా నిలబడి వడ్డిస్తున్న మనిషిని చూసి నిట్టూరుస్తూ.

లోపల పాప ఏడుపు అందుకుంది. మధ్యాహ్నంలాగే మొదట సన్నగా, ఆపైన మెట్లెక్కినట్టు పైకి. అతని చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. ఏడుపు విన్నాడు. తలెత్తి ఆమె వైపు చూశాడు. మళ్ళీ విన్నాడు. అతని మొహం మీద రంగులు ఒక్కొక్కటే మారడం ఆమె తీరిగ్గా చూసింది.

“చూసుకోండి” అంది. “కంగారేం లేదు. నేను లైన్లో ఉంటాను.”

అతను లేచాడు. ఎంగిలిచేత్తోనే సగం దూరం వెళ్ళి, వెనక్కొచ్చి, చెయ్యి కడుక్కుని మళ్ళీ వెళ్ళాడు. ఆమె తన కుర్చీలో బట్టల కుప్పని ఎత్తి అతని కుర్చీలో పోసి, కూర్చుంది. కూర్చుంటే బల్ల ఇంత ఎత్తుగా ఉంటుందా అనుకుంది.

“లైనేంటే? వాడెందుకు లేచాడు?” అన్నారు అత్తగారు.

“నేను ఫోనులో రాస్తుంటానత్తయ్యా. జనం చదువుతారు. అందులో మీరూ ఉన్నారు.”

“నేనా? మంచిగానే రాశావా?”

“లేదు.”

ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. “పేరేం పెట్టావ్ నాకు?”

“హెడ్డాఫీసు.”

“మరి హెడ్డాఫీసుకి తెలీకుండా ఇన్నాళ్ళు ఎలా నడిపావే?” అని అత్తగారు కళ్ళజోడు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.

అంత పెద్ద భయం ఎదురుగా కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటుంటే, ఆమెకి మాత్రం ఇంకో భయం దాన్ని తోసుకుని ముందుకొచ్చి నిలబడింది. అన్నం గిన్నె పక్కకి జరిపి ఫోను తీసింది. ఆపమన్న మాటలన్నీ చెరిపేసింది. ఆగి ఉన్న కామెంట్లన్నీ వదిలింది, చివరిదొక్కటీ తప్ప; అది తనకొక్కదానికే చెప్పిన మాట. కుక్కరు పెట్టకుండా, కూర్చుని రాసిన మొదటి పోస్టు ఇది:

“తడిచెయ్యి అనే ఆవిడ నాతో మాట్లాడేది. నా తప్పు వల్ల ఆమె మాట నాకు ఆలస్యంగా చేరింది, ఇప్పుడు జవాబివ్వడం లేదు. ఆమె అసలు పేరూ ఊరూ నాకు తెలీదు. మీ పక్కింట్లోనో, మీ పై అంతస్తులోనో కుడిచేతికి కట్టుతో ఎవరైనా ఉంటే ఒకసారి వెళ్ళి చూడండి. ఆమె ఒంటరిగా ఉన్న సమయం చూసి ఎలా తగిలిందని అడగండి. జారిపడ్డానంటుంది. అనగానే వచ్చేయకండి. కాసేపు లైన్లో ఉండండి.”