పై గిన్నెలో మైనపు బిళ్ళ

ముదిమిలో అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పితే, కథ మెల్లగా నడిస్తే ఏమనుకోకండి. ఇది నా పెనిమిటి హనుమాండ్లు కథ. ఆయన వెంట నడిచిన నన్నూ ఇందులో పేరుతోనే రాశాను.

హనుమాండ్లు టిఫిన్ డబ్బా కింది గిన్నెలో పెరుగన్నం పెట్టించుకుని, పై గిన్నెలో తడిగుడ్డ పరిచాడు. అమీర్‌పేటలో ఒక ల్యాబులో ఆయన అటెండరు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను అక్కడ మైనంలో పోతపోసి బిళ్ళలు చేస్తారు. వాటిని పరీక్షకు పంజాగుట్ట ఆసుపత్రికి చేర్చడం ఆయన పని. ఎండకు మైనం మెత్తబడుతుందని ఆయనకు భయం. చల్లటి పెరుగన్నం మీద ప్రయాణం చేస్తే బిళ్ళకేమీ కాదని నమ్మకం. బిళ్ళలు చేరాకే అన్నం తినేవాడు.

"హనుమాండ్లన్న సద్ది కట్టేది బిళ్ళలకే" అని ల్యాబువాళ్ళు నవ్వేవారు.

ఆ రోజు పై గిన్నెలోకి వెళ్ళిన బిళ్ళ ఆయనదే.

తొడలో గడ్డను కోసి తీస్తే మళ్ళీ మొలిచింది. కొవ్వు కణాల్లో పుట్టే క్యాన్సర్ అన్నారు. పంజాగుట్టలో డాక్టర్ మధులత విడమరిచి చెప్పింది.

"కొందరి గడ్డలల్ల హార్మోన్ వచ్చి కూసునే పీటలసొంటివి ఉంటయన్నా. రిసెప్టర్లంటం. నీ గడ్డల అవి ఉన్నయనుకో, హార్మోన్ కూసోకుంట ఒక మాత్ర వేసి చూడొచ్చు. పని చేస్తదని మాత్రం మాటియ్యలేను."

చివరి మాట హనుమాండ్లు చెవిని తాకలేదు. మాత్ర అన్నదే నిలిచింది. ఆ పీటలు ఉన్నాయో లేవో తేల్చే పరీక్షకే ఈ బిళ్ళ.

"గీ కాలుతోటి యాడ నడుస్తవయ్యా? నీ మెట్రో ముచ్చట ఇయ్యాల తీర్చుకుందాం పా" అంది రుద్రమ్మ, ఆయన డబ్బాతో బయల్దేరుతుంటే.

ఆయన ముఖం విచ్చుకుంది. ఇన్నేళ్ళూ ఆ రైలు నీడలోనే నడిచాడు. ఒక్క స్టేషన్‌కు టికెట్టెందుకని ఎక్కలేదు. ఎప్పటికైనా రుద్రమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలని కోరిక.

స్టేషన్‌లో గార్డు డబ్బాను యంత్రంలో పెట్టమన్నాడు.

"గిందులకెళ్ళి పోతే ఏమైతది?"

"ఎక్స్‌రే అన్నా. లోపలేమున్నదో కనవడ్తది."

హనుమాండ్లు డబ్బాను రొమ్ముకు హత్తుకున్నాడు. "వద్దు భాయ్. గా కిరణాలకు పీటలు మాడిపోతే?"

"డబ్బాల పీటలేందే?"

"పెరుగన్నం ఉన్నది. దాని మీద ముక్క ఉన్నది."

"మటనా?"

"నాదే. నా తొడది."

గార్డు అడుగు వెనక్కి వేశాడు. వెనక లైనులో ఎవరో "జర జల్ది కానీయ్ కాకా" అని అరిచారు. పైన రైలు వచ్చి ఆగిన చప్పుడైంది. హనుమాండ్లు తల ఎత్తి, అది కదిలిపోయేదాకా విన్నాడు.

"పెట్టరాదయ్యా, ఒక్క నిమిషమే గద" అంది రుద్రమ్మ.

"మాత్ర వచ్చినంక ఎక్కుదాం తీ."

మెట్లు దిగి నడిచారు. ఆయన కుంటుతూ, ఆమె డబ్బా మీద కొంగు పట్టి.

"నా నెత్తి మీద సుత జర కప్పరాదే!"

"నీ నెత్తిల మైనం లేదు తీ."

పంజాగుట్టలో బిళ్ళ అప్పగించి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరూ కింది గిన్నెలో చేయి పెట్టారు. పెరుగన్నం వెచ్చబడి పులిసింది. హనుమాండ్లు వేళ్ళు నాకి మరీ తిన్నాడు.

పరీక్షలో తేలింది. "ఉన్నయన్నా" అంది డాక్టర్.

ఆయన రుద్రమ్మ వైపు తిరిగాడు. "చూసినవా? గా మిషన్ల పెడితే ఏమైతుండెనో!"

మాత్ర మొదలైంది. పెరుగన్నం తిని, దేవుడి ప్రసాదంలా కళ్ళకద్దుకుని మింగేవాడు. కానీ గడ్డ ఆ మాత్ర మాట వినలేదు, ఊపిరితిత్తుల్లోకి పాకింది. వానలు వెలిశాక మెట్రో ఎక్కుదామనుకున్నారు. వానలు వెలవనే లేదు. ఒక మధ్యాహ్నం, దూరంగా రైలు వెళ్తున్న చప్పుడుకు తల అటు తిప్పుకుని, ఆయన మళ్ళీ ఇటు తిప్పలేదు.

చలికాలంలో రుద్రమ్మ ఒక్కతే స్టేషన్‌కు వెళ్ళింది. డబ్బాను యంత్రంలో పెట్టి, అవతలి వైపు నిలబడి చేతుల్లోకి తీసుకుంది. రైల్లో కిటికీ కింది సీటులో దాన్ని కూర్చోబెట్టి తాను పక్కన కూర్చుంది. కొసదాకా డబ్బా సన్నగా గలగలమంటూనే ఉంది, కింది గిన్నెలో పెరుగన్నం, పై గిన్నెలో ఒట్టి తడిగుడ్డ.

— రుద్రమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది ఎర్రగడ్డ, రైతుబజారు వెనక.