బావగారి పూడిక

అడ్డకర్ర విరిగిన చప్పుడు ఒడ్డున టీ తాగుతున్నవాళ్లకి కూడా వినిపించింది. పడవలో ఉన్న పిడుగుకైతే తన నడుమే విరిగిందేమో అనిపించింది.

పిడుగు అంటే ఆ ఇంటి చిన్నమ్మాయి. ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. చిన్నప్పుడు నాన్న పెట్టిన ఆ ముద్దుపేరే స్థిరపడిపోయింది, అసలు పేరు పెట్టి పిలిస్తే పలకదు కూడా. నాన్నకి మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఇక పడవని చిన్న కూతురికి అప్పజెప్పాలా, పెద్దల్లుడికా అని ఏడాదిగా ఎటూ తేల్చుకోలేక, చివరికి ఆ ఆదివారం చుక్కాని కూతురి చేతికిచ్చి చూశాడు. పిడుగు గాలిని వీపున పెట్టుకుని దర్జాగా వచ్చింది. మలుపు దగ్గర చుక్కాని తిప్పింది. తెరచాప ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక్క ఊపున వచ్చేసరికి, దాని కింది అంచును పట్టి ఉంచే అడ్డకర్ర ఫెళ్లుమని రెండు ముక్కలైంది. అంతమంది చూస్తుండగా ఇంకో పడవవాళ్లు తాడేసి వీళ్లని ఒడ్డుకి లాక్కొచ్చారు.

"నే చెప్పానా?" అన్నాడు బావ, పడవలోంచి కాలు కింద పెడుతూనే. "గాలి వెనక ఉన్నప్పుడు తెరచాప తాడు దగ్గరికి లాక్కుని మెల్లగా తిప్పాలి. నువ్వేమో గరిటె తిప్పినట్టు తిప్పావు."

"తాడు లాగాకే తిప్పాను బావా!"

"లాగితే ఎందుకు విరుగుతుందమ్మా?"

ఈ బావ పళ్ల డాక్టరు. మంచివాడే, ఎవరూ కాదనరు. కాకపోతే పొద్దస్తమానం నోరు తెరుచుకుని పడుకున్న మనుషులతోనే మాట్లాడే వృత్తి కదా, తన మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఈ లోకంలో లేరని గట్టి నమ్మకం కుదిరిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, రెండు ముక్కల్నీ దాని మీద పడుకోబెట్టి విచారణ మొదలెట్టారు. నాన్న కుర్చీలో న్యాయమూర్తిలా కూర్చున్నాడు. బావ జేబులోంచి పళ్లు చూసే బుల్లి అద్దం తీసి, టార్చిలైటు వేసి, కర్ర చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణ చేశాడు.

"తీర్పేదో తొందరగా చెప్పండి, బల్ల తడిసి ఛస్తోంది," అంది వంటింట్లోంచి అక్క.

"పైన దెబ్బ లేదు. ఎక్కడా పుచ్చు లేదు. కర్ర నిక్షేపంలా ఉంది," అన్నాడు బావ. "తిప్పిన ఊపుకే విరిగింది మామయ్యగారూ. సందేహం లేదు."

నాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "విరిచిన చేతికి మళ్లీ చుక్కాని ఇవ్వలేను," అన్నాడు చివరికి. "వచ్చే ఆదివారం నుంచి అల్లుడుగారే నడుపుతారు."

పిడుగుకి తల తీసేసినట్టయింది. బావ మీద కోపం సరే, అంతకన్నా తన మీద తనకే అనుమానం మొదలైంది. తాడు నిజంగా లాగిందా? లాగాననుకుందా? చుక్కాని పోయిన బాధ ఒకెత్తు, తన చేతుల్ని తనే నమ్మలేకపోవడం ఒకెత్తు. ఇది తేలకపోతే తనకి ముద్ద దిగదని తెలిసిపోయింది.

మర్నాడు, బాగుచేయిస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి, ముక్కల్ని గోనెగుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి పట్టుకుపోయింది. పేషెంట్లు పలచబడ్డాక వాటిని ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి పైన తెల్లదుప్పటి కప్పింది. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు లోపలికొచ్చాడు.

"ఎవరమ్మా పేషెంటు? కదలడం లేదేంటి?"

"మా ఇంటి మనిషే సార్. పడవలో దెబ్బ తగిలింది."

ఆయన దుప్పటి ఎత్తి చూసి, పిడుగు వంక చూసి, మళ్లీ దుప్పటి కప్పేశాడు. "పాపం, బాగా చిక్కిపోయాడు," అన్నాడు. "తియ్యి, చూద్దాం."

తెర మీద బొమ్మ వచ్చింది. బూడిదరంగు నారల మధ్య, సరిగ్గా విరిగిన అంచున, కోడిగుడ్డంత తెల్లటి ముద్ద ధగధగా మెరుస్తోంది. పిడుగు పరుగున వెళ్లి కర్ర మీద ఆ చోటు తడిమింది. పైకి కొయ్యలో కన్నులా ఉంది, రంగు అచ్చంగా కలిసిపోయింది. గోటితో గీకితే మాత్రం నున్నగా జారింది.

"లోపల ఏదో కూరారే!" అన్నాడు డాక్టరు.

పిడుగుకి చెప్పక్కర్లేకపోయింది. దవడలు పగిలి వచ్చేవాళ్ల బొమ్మల్లో, పూడ్చిన పళ్లు అచ్చం ఇలాగే మెరవడం ఆమె ఎన్నిసార్లు చూసిందో! పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. బయట కాలికి కట్టుతో కూర్చున్న పెద్దాయన, లోపలికి వెళ్తే తనకేం చేస్తారోనని కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు.

సాయంత్రం ఆ తెల్లముద్ద ఉన్న మేర మాత్రమే పన్నంత చిన్నది చేసి ఫిల్ము మీద తీసుకుని, పన్ను చూపిద్దాం రమ్మని నాన్నని వెంటబెట్టుకుని బావ క్లినిక్కుకి వెళ్లింది. నాన్నని కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కాడు బావ. ఇక న్యాయమూర్తి మాట్లాడే అవకాశం లేదు. పిడుగుకి కావలసిందీ అదే.

"బావా, మా దగ్గరికొచ్చిన కేసు. ఈ పూడిక ఎలా ఉందో కాస్త చూసి చెప్పవా?" అంది, ముఖం అమాయకంగా పెట్టి.

బావ ఫిల్ముని దీపానికి అడ్డంగా పట్టుకున్నాడు. ముఖం విప్పారింది. "ఆహా! అంచులు చూడు, ఎక్కడైనా వెంట్రుకంత సందుందా? బాగా చెయ్యి తిరిగినవాడి పని."

"కానీ సరిగ్గా అక్కడే విరిగింది బావా."

"విరగదా మరి! ఇంత లోతుకి తొలిచేశాక చుట్టూ ఏం మిగిలిందని? పూడిక నమలడానికి ఆగుతుందిగాని వంగడానికి ఆగుతుందా? దీన్ని పూడ్చకూడదు, మొత్తం తీసేసి కొత్తది పెట్టాలి. పనితనం ఉంటే చాలదమ్మా, బుర్ర కూడా ఉండాలి. ఇంతకీ పేషెంటు ఎవరు?"

"మన అడ్డకర్ర."

కుర్చీలో ఉన్న నాన్న తన నోట్లో దూది తనే లాగి పారేశాడు. బావ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"అదీ... మొన్న వార్నిష్ వేస్తుంటే ఒకచోట మెత్తగా తగిలింది. పుచ్చంతా తొలిచేసి, పూడ్చి, రంగు కలిపాను. ముందుకన్నా గట్టిపడిందనే అనుకున్నాను మామయ్యగారూ, ఒట్టు! అందుకే పుచ్చు లేదన్నాను." అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ మనిషి ఊరుకుంటేనా! "అయినా చూశారా, కర్ర విరిగిందిగాని నా పూడిక చెక్కుచెదరలేదు!"

"పూడిక భేషుగ్గా ఉంది బావా. దాని చుట్టూ కర్రే లేదు," అంది పిడుగు.

క్లినిక్కు లెక్కలు చూసే అక్క పక్కగదిలోంచి ఊడిపడింది. "ఆ పళ్లు పూడ్చే సిమెంటు డబ్బా ఏమైందని నేను నర్సుని దులిపేశానండీ! మీరు తీసుకెళ్లి పడవకి పెట్టారా?"

నాన్న పకపకా నవ్వాడు. "ఓసి నీ అసాధ్యం కూలా! అల్లుడుగారి నోటితోనే చెప్పించావే! పోనీలే, చుక్కాని నీదే. సరేనా?"

ఈ మాట కోసమే కదా పిడుగు ఇంత ఆట ఆడింది. ఎగిరి గంతెయ్యాలి. కాని నాన్న వైపు తిరిగింది.

"తాడు లాగానని నిన్ననే చెప్పాను నాన్నా," అంది. "కర్రకి ఫోటో తీసి తెస్తే నమ్మావు. నేను చెబితే ఎందుకు నమ్మలేదు?"

నాన్న నవ్వు ఆగిపోయింది. ఆయన మోకాళ్లు పట్టుకుంటూ కుర్చీ దిగాడు. "నమ్మాల్సింది," అన్నాడు మెల్లగా. ఆ ఇంట్లో ఆయన తప్పు ఒప్పుకోగా విన్నవాళ్లు అప్పటిదాకా లేరు.

మరుసటి ఆదివారానికి కొత్త అడ్డకర్ర వచ్చింది. పిడుగు చుక్కాని పట్టుకుంది, బావ మధ్యలో కూర్చున్నాడు. నాన్న ఎప్పుడూ లేనిది, కూతురికి వీపు పెట్టి పడవ ముందు కొసన కూర్చున్నాడు. నీళ్ల మధ్యకి వచ్చేసరికి వెనక నుంచి గాలి జోరందుకుంది. మలుపు దగ్గరపడుతోంది. తెరచాప పొంగి కొత్త కర్ర కిర్రుమంది.

"పిడుగూ, జాగ్రత్త! మామయ్యగారూ, ఒకసారి చూడండి, తాడు లాగిందో లేదో!" అని అరిచాడు బావ.

"అది చూసుకుంటుంది, మీరు కూర్చోండి," అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.