ఎవరి గడియారం?

భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే ఆమె చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మీటింగ్‌లో కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే, నిలబడే ఉంది. ఆ ఇంట్లో ఆమె తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

ఆమె పని క్రిప్టో కరెన్సీకి నిబంధనలు రాయడం, అదీ రోజుకు మూడు గంటలే. ఈసారి రాసింది గడువు నిబంధన. ఒకరు పంపిన లావాదేవీ గడువులోగా బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఒక్కో బ్లాకు చేరుతూ పెరిగే ఉమ్మడి ఖాతా గొలుసులో, నమోదు కాకపోతే ఇక అది చెల్లదు. ఇది గట్టెక్కితే పూర్తికాలపు ఉద్యోగం, జట్టు పెద్దరికం ఇస్తామన్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి.

తప్పు పట్టుకున్నది నిబంధనలు సరిచూసే పెద్దావిడ.

"అమ్మాయ్, గడువు దాటిందని తేల్చేది ఎవరి గడియారం?"

"ఆ లావాదేవీ అందుకున్న కంప్యూటర్‌దేనండీ."

"ఆ కంప్యూటర్ గలవాడు ముల్లు వెనక్కి తిప్పుకుంటే? గడువు జన్మలో రాదు. ఏ ఒక్కడి గడియారాన్నీ నమ్మకు. గొలుసులో ఎన్ని బ్లాకులు చేరాయో లెక్కపెట్టు. ఆ లెక్క అందరికీ ఒకటే."

ఇంత చిన్న విషయం తనకెలా తట్టలేదు? ఎలా తడుతుంది, ఇంకొకరి గడియారాన్ని నమ్మడం అలవాటైపోయింది. పాప పుట్టినప్పుడు భర్త "రెండేళ్ళు ఇంటిపట్టున ఉండు చాలు" అన్నాడు, సరేనంది. రెండేళ్ళయ్యాక "బడికి వెళ్ళనీ" అన్నాడు. వెళ్ళాక "అమ్మ మోకాళ్ళు కుదుటపడనీ" అన్నాడు. మోకాళ్ళు కుదుటపడ్డ అత్తగారు రోజూ రెండు మైళ్ళు నడిచొచ్చి, "ఎదిగే పిల్ల, తల్లి కళ్ళముందుండాలి" అంది. పాపం, ఎవరూ అబద్ధమాడలేదు. తనూ నోరెత్తలేదు, ఆ ఒక్కటే ఆమెకు ఒళ్ళుమంట.

గుమ్మం పక్క గోడ మీద పాప ఎత్తు గీతలున్నాయి, పుట్టినరోజుకొకటి. లెక్కపెట్టింది. తొమ్మిది.

ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నానికి నిబంధన సరిచేసింది, పెద్దావిడ ఒప్పుకుంది.

సాయంత్రం భర్త బుట్టలో నలిగిన చొక్కాలు చూసి, తర్వాత ఉద్యోగం గురించి ఆమె చెప్పింది విన్నాడు.

"ఇప్పుడేం తొందర? ఇంకొన్నాళ్ళు ఆగు. అప్పుడు సరేనన్నావుగా?"

"అన్నాను, రెండేళ్ళకి." ఆమె గోడ చూపించింది. "గీతలు మీరే గీశారు, మీరే లెక్కపెట్టుకోండి. ఆ మాట ఇక చెల్లదు. నా జవాబు మధ్యాహ్నమే పంపేశాను."