చదును కాని నేల

అందరూ ఆమెను టేపమ్మ అనేవారు. స్థలం కొలతల విషయంలో ఎవరినీ నమ్మదు. ఉక్కు టేపు చేత పట్టుకుని తనే బయల్దేరుతుంది. మేనమామ తన ఇంటి ముందుగదిలో పెట్టిన డిజైన్ ఆఫీసులో, కట్టబోయే ఇళ్ళను ముందుగా కంప్యూటర్లో కట్టి చూపించడం ఆమె పని.

ఆ వారం మందుల షాపు యజమాని పెరటి గోడ పని వచ్చింది. ఆ పెరడు వెనక్కీ, ఒక పక్కకీ వాలుగా ఉంటుంది. ఆయనకది బల్లపరుపుగా కావాలి: మట్టి నింపి, వెనక తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేపి, దానిమీద నల్లటి ఇనుప కంచె. టేపమ్మ ముందు చదును నేలమీదే గోడ గీసింది. బొమ్మ ముచ్చటగా వచ్చింది. తాను కొలిచి తెచ్చిన ఎత్తుపల్లాలు ఎక్కించేసరికి మాత్రం గోడ ఒక కొస నేలలో కూరుకుపోయింది, రెండో కొస గాల్లో వేలాడింది. ఆ కొసను నేలదాకా దింపి చూస్తే, లోపలివైపు అయిదడుగుల మట్టి గోడనే ఆనుకుని ఉంది. బయటివైపు, గోడ పక్కనే, జనం నడిచే సందు.

"నేల చదును చేసెయ్ అమ్మడూ," అన్నాడు మామయ్య భుజం మీదుగా తొంగిచూసి. "మనం ఇచ్చేది బొమ్మ. గోడ కట్టేది మేస్త్రీ."

"వానొస్తే ఆ మట్టి నాని గోడను తోసేస్తుంది మామయ్యా."

"అది మేస్త్రీ తలనొప్పి."

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. ఆమె తండ్రి మేస్త్రీయే. ఎవరో గీసిచ్చిన గోడను గీసినట్టే కట్టాడు. మొదటి వానకే గోడ పడింది. నింద ఆయన మీద పడింది. మళ్ళీ ఆయన్ను పనికి పిలిచినవాళ్ళు లేరు. గీసినవాడెవడని అడిగినవాళ్ళూ లేరు.

"చదును చెయ్యను," అంది.

మర్నాడు యజమాని, ఆయన భార్య వచ్చి కూర్చున్నారు. మామయ్య కళ్ళతోనే బతిమాలాడు. టేపమ్మ అటు చూస్తేగా! బొమ్మను సందువైపు తిప్పి, కింద ఒక మనిషిని నిలబెట్టి, గోడను అద్దంలా మార్చింది. అవతల మట్టి ఆ మనిషి మెడదాకా ఉంది.

"నాకు పాఠం చెబుతున్నావా?" ఆయన మొహం ఎర్రబడింది. "నా స్థలం, నా గోడ!"

"గోడ మీదేనండీ. సందు అందరిదీ. పడితే పడేది సందులోకే."

ఆయన లేచి విసవిసా వెళ్ళిపోయాడు. భార్య గుమ్మం దగ్గర ఆగి, ఇంకోసారి తెర వంక చూసి, ఆయన వెనకే వెళ్ళింది.

"నోటికాడి కూడు కాలదన్నావు కదే! లే, నేనే గీస్తాను," అన్నాడు మామయ్య.

ఆమె లేచి కుర్చీ ఆయనవైపు జరిపింది. "గీయండి. నా చేత్తో మాత్రం గీయను."

ఆయన కళ్ళజోడు సవరించుకుని గంటసేపు మౌసుతో కుస్తీ పట్టాడు. పెరటి గోడ వెళ్ళి వంటగదిలో తేలింది. టేపమ్మ నవ్వలేదు. సాయమూ చెయ్యలేదు.

మూడోనాడు యజమాని భార్య ఒక్కతే వచ్చింది. "ఆ సందులోంచే మా పిల్ల బడికెళ్తుంది. ఆయనతో నేను మాట్లాడతాను. పడని గోడ ఎలా ఉంటుందో చూపించమ్మా."

టేపమ్మ సాయంత్రం దాకా కూర్చుని పెరటిని మూడు మెట్లుగా విడదీసింది. మెట్టుకొక మోకాలెత్తు రాతి గోడ. నేల దిగినచోటల్లా కంచె కూడా మెట్టు దిగింది. ప్రతి గోడ అడుగునా వరసగా కన్నాలు పెట్టింది.

వారానికి యజమాని వచ్చాడు. చాలాసేపు చూశాడు. నచ్చిందని తెలుస్తూనే ఉంది, కానీ అనడానికి నోరు రాలేదు. "ఆ కన్నాలేంటి, గోడంతా చిల్లులు పడ్డట్టు? తీసెయ్."

"తియ్యనండీ. నీళ్ళు బయటికి పోయేది వాటిలోంచే. బొమ్మలో లేకపోతే మేస్త్రీ వదిలేస్తాడు. రేపు మీరు అతన్నే తిడతారు."

ఆయన మామయ్య వైపు తిరిగాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మాయి తియ్యనంటే తియ్యదండీ. నేను చెప్పి చూసినవాణ్ణే."

ఆయన గొణుక్కుంటూనే కన్నాలతో సహా సంతకం పెట్టాడు.