కాలితే ముడుచుకునే సూది

నేను ఒక సూదిని. బట్ట కుట్టడానికి పనికిరాను, ముల్లు తీయడానికీ పనికిరాను. వెనేడియం ఆక్సైడ్ స్ఫటికాన్ని. నల్లగా, చీపురుపుల్ల మొనంత ఉంటాను. నేనూ మా అక్కా ల్యాబులో ఒకే కొలిమి గొట్టంలో పుట్టాం. మమ్మల్ని తీశాక ఆ గొట్టం పగిలింది, ఇక ఉన్నది మేమిద్దరమే.

చల్లగా ఉన్నప్పుడు నా లోపలి వెనేడియం పరమాణువులు జంటలు జంటలుగా జరిగి కూర్చుంటాయి. ఎలక్ట్రాన్లు ఆ జంటల మధ్యే కట్టుబడిపోతాయి, కరెంటుకు దారి ఉండదు. నీళ్లు మరిగేంత వేడి కూడా అక్కర్లేదు, జంటలు విడిపోయి సమదూరంలో బారులు తీరతాయి. ఇక ఎలక్ట్రాన్లు తడిక తీసిన దొడ్డిలో గొడ్లే. పరమాణువులు అవే, కూర్చున్న వరుస మారిందంతే. పెళ్లి పంక్తిలో మనుషుల సంగతీ ఇంతే కదా!

ఆ మార్పు కొలవడమే నూకరత్నం పరిశోధన. వాళ్ల నాన్న అప్పలసూరి బండిచక్రాలకు ఇనుపపట్టాలు వేసే కమ్మరి. కాలిన పట్టా సాగుతుందని పుట్టినప్పటి నుంచీ చూసిన పిల్ల. అందుకే మా అక్కను రెండు కొసలా కరెంటు పారే వెండి జిగురుతో పలకకు బిగించింది, వేడికి సాగి వదులవుతుందిలే అని. వేడెక్కగానే అక్క ఫట్టుమని విరిగింది.

"నీ చెయ్యి బరువమ్మా," అన్నారు గైడు శేషాచలం గారు. "ఇదీ పోతే వేరే టాపిక్ చూసుకో."

ఇది అంటే నేను. నూకరత్నం నా ఒక కొసను పలకకు అంటించింది. రెండో కొసకు కాస్త పైన జిగురు బొట్టు వేలాడుతోంది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఉన్నట్టుండి చెయ్యి ఆపి, ఇంకా పలకకు అంటుకునే ఉన్న అక్క ముక్కల్ని మైక్రోస్కోపు కింద వేడి చేసింది. చల్లగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తాకుతున్న ముక్కలు, వేడెక్కగానే ఎడంగా జరిగాయి.

"సార్, ఓసారి చూడండి. సాగితే గుద్దుకోవాలి కదండీ? ఇవి దూరం జరుగుతున్నాయి."

ఆయన కళ్లజోడు తీసి చూశారు. "అంటే... పొడవునా కుంచించుకుంటోందా?"

"మా నాన్న పట్టాకి తలకిందులండీ ఇది."

నా రెండో కొసను పలకకు బిగించలేదు. కరెంటు కోసం ఊయల తాడులా వదులుగా సన్నటి బంగారు తీగ తగిలించింది. వేడి ఎక్కింది. నా జంటలు విడిపోయాయి, ఒళ్లు ముడుచుకుంది, తీగ కదిలింది. మీటరులో నిరోధం వేల రెట్లు పడిపోయింది.

నూకరత్నం ఊపిరి వదిలేలోగా ఆయన అన్నారు, "ఒకసారి వస్తే అదృష్టం. ఇంకోసారి."

ఒళ్లంతా ఒకేసారి ముడుచుకోక, అప్పటికే నా నడుములో వెంట్రుకంత చీలిక. ఆమె అది చూసింది. అయినా చల్లారనిచ్చి మళ్లీ వేడి ఎక్కించింది. పళ్లు లేని నేను పళ్లు బిగించాను. మీటరు అదే వేడి దగ్గర, అంతే లోతుకు పడింది.

"రాసుకో," అన్నారాయన మెల్లగా.

చల్లారుతూ రెండయ్యాను. ఒక సగం ల్యాబులో ఉంది. ఈ కథ చెబుతున్న సగాన్ని ఆమె సీసాలో పెట్టి నాన్నకు ఇచ్చింది.

"కాలితే ముడుసుకునే ఇనుమేటే గుంటా? ఇన్నోడు నవ్విపోతాడు!"

"ఇనుము కాదు నానా."

"మరి నా కొలిమి కాడికెందుకు తెచ్చినావు?" అంటూనే సీసాను కొలిమి పక్క గూట్లో పెట్టాడు.

రోజూ తిత్తి ఊదగానే గూడు వేడెక్కుతుంది. అక్కడ పట్టా సాగుతుంది, ఇక్కడ నేను ముడుచుకుంటాను. నాలో ఎలక్ట్రాన్లు దొడ్డి దాటి పరుగెడతాయి. కొలిచేవాళ్లు లేరు. ఇంకోసారి అనేవాళ్లూ లేరు.