గోదాములో పలకని మాట

బిక్షపతి చేతులకు తవుడు పట్టించి మోచేతుల దాకా రుద్దుకున్నాడు. మనిషి వాసన తగిలిందంటే ఆ ముసలి పందికొక్కు మందు దరిదాపులకు కూడా రాదు. జనగామ మార్కెట్ వెనక శ్రీధర్ సేటు పప్పుల గోదాములో బస్తాలు కొరికి పోస్తున్నది అదే. ఇవాళ పడకపోతే వరంగల్ నుంచి కంపెనీవాళ్లను పిలిపిస్తానని సేటు పొద్దున్నే తేల్చి చెప్పాడు. అంటే బిక్షపతి ఇక ఇంటికి పోవచ్చు.

వేయించిన ఎండుచేపల పొడిలో మందు కలిపి, ఉండలను పుల్లతో తీసి బస్తాల వెనక గోడ వారన పెట్టాడు. బెల్లానికీ పల్లీలకూ లొంగని దొర మరి! ఎక్కడ పెట్టాడో ఎవరికీ చెప్పడు. అసలు గోదాములో మందు పేరే ఎత్తడు. ఎత్తితే పందికొక్కు వింటుందని నాయిన చెప్పాడు, నాయినకు తాత చెప్పాడు. బిక్షపతి సన్నటి మనిషి, వంగిన నడుము, పసుపు బారిన గోళ్లు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, దగ్గొస్తే తువ్వాల నోట్లో కుక్కుకొని, బతుకంతా చప్పుడు కాకుండానే గడిపాడు.

మధ్యాహ్నం శ్రీధర్ గద్దె మీద కూర్చొని ఫోన్లో సినిమా చూస్తుంటే, బిక్షపతి వెనకనుంచి తొంగి చూశాడు. వాడెవడో లోకమంతా పేరుమోసిన హంతకుడట. మండుటెండలో నల్లకోటు! ఊరందరికీ కనబడేలా మేడ అంచున నిలబడతాడు. తలుపుకు వీపు పెట్టి కూర్చుంటాడు. చంపాల్సినవాణ్ని కుర్చీకి కట్టేసి, తన చిన్ననాటి కథ మొదలుకొని ఎట్లా చంపబోతున్నాడో అనేదాకా పూసగుచ్చినట్టు చెప్తాడు. ఆలోగా వాడు కట్లు విప్పుకోడా మరి! ఛీ!

"పని చేసేటోడు గంతగనం ఒర్లుతడా సేటూ? గిసొంటోడు మన గోదాంల ఒక్కదాన్ని గూడ పట్టలేడు."

"నీ లెక్క మూతి కట్టుకుంటే సినిమా ఎవడు చూస్తడు?" అని నవ్వాడు శ్రీధర్.

గోదాము ఊడ్చే ఓదెమ్మ చాయ్ తెచ్చింది. మందు ముట్టిన చేతులని హమాలీలు బిక్షపతికి ఎడంగా కూర్చుంటారు. ఆమె మాత్రం రోజూ లోపల బస్తాల ముందు అతని పక్కనే కూర్చొని తాగుతుంది. కాళ్లకు చుట్టుకొని తిరిగే తెల్లపిల్లిని 'బిడ్డా' అంటుంది. ఇంట్లో అట్లా పిలవడానికి ఆమెకు ఇంకెవరూ లేరు. మందు పెట్టిన రోజు దాన్ని సుతిలి తాడుతో కాంటా కాలికి కట్టేస్తుంది.

"తమ్మీ, ఇయ్యాల మందు పెట్టినవా? బిడ్డను కట్టేస్త."

బస్తాల వెనక ఏదో కదిలింది. బిక్షపతికి ఒళ్లంతా చెవులయ్యాయి. ఇప్పుడు చెప్తే చేసిందంతా మట్టిపాలు.

"లేదక్కా, ఇయ్యాల ఏం పెట్టలే," అన్నాడు, బస్తాల వెనక్కి కూడా వినబడేలా.

చాయ్ అయ్యాక ఆమెను బయటికి పిలిచి చెప్దామనుకున్నాడు. అంతలో లారీ వచ్చింది. సరుకు దిగేచోట నిలబడి నల్లకోటువాడి తెలివితక్కువతనం హమాలీలకు చెప్పసాగాడు. వాళ్లు విరగబడి నవ్వారు. అతని మాటకు వాళ్లు నవ్వడం అదే మొదలు. ఆ సంబరంలో ఇంకో కథ, ఇంకో వెక్కిరింత. ఓదెమ్మకు చెప్పాల్సిన మాట మరిచేపోయాడు.

పొద్దు వాలాక వెళ్లి చూస్తే ఉండలు లేవు. గుండె పొంగింది. అక్కడే, గోడ వారన, తెల్లపిల్లి పక్కకు ఒరిగి పడి ఉంది. బస్తాల కింద కొరుకుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

ఓదెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కొంగు పరిచి దాన్ని ఎత్తుకుంది.

"అడిగిన గద తమ్మీ," అంది.

బిక్షపతి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె గేటు దాటిపోయేదాకా చూసి, గద్దె దగ్గరికి వచ్చాడు.

"కంపెనోళ్లను పిలువుండ్రి సేటూ. ఇగ నేను రాను."

ఓదెమ్మ కూడా మళ్లీ ఆ గడప తొక్కలేదు. కాంటా కాలికి సుతిలి తాడు అట్లాగే వేలాడుతోంది, చివర పిల్లి మెడకు సరిపోయే ఉచ్చుతో.