మీసం లేని పటం

కాలేజీ గణితశాఖ వరండాలో పన్నెండు మీసాలు వరసగా వేలాడుతున్నాయి. ఒక్కో మీసం వెనక ఒక్కో పాత అధిపతి. ఆ సాయంత్రం పదమూడో మేకుకు తగిలించబోయే పటంలో మాత్రం మీసం లేదు. ఆ శాఖకు అధిపతి అయిన మొదటి ఆడమనిషి ఆవిడ.

పటం పూర్తయిందని చిత్రకారుడు కబురంపితే భర్తను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లింది. ఆయనకు కళ్లజోళ్ల దుకాణం. "అచ్చు నువ్వేనే!" అని మురిసిపోయాడు. ఆవిడ తన మొహం వంక చూడనైనా లేదు. బొమ్మలో తన వెనకున్న నల్లబల్లను చదువుతోంది.

"ఏమిటయ్యా ఈ రాత?"

"లెక్కేనమ్మా. నిండుగా ఉంటుందని వేశాను."

"దీని ప్రకారం రెండూ ఒకటీ సమానం!"

"దూరంనుంచి తెలీదులెండి. మా నాన్న ఆ పన్నెండుమంది వెనకాలా ఇదే వేశాడు. ఒక్కరూ కిక్కురుమనలేదు."

"మీసాలు చూసుకుంటూ ఉండిపోయారేమో."

ఏడేళ్లు బుర్ర బద్దలు కొట్టుకుని ఆవిడ నిరూపించిన సూత్రం ఒకటుంది. ఏ సభలో దాని గురించి మాట్లాడినా చివర ఎవరో ఒకరు లేచి "మీవారు సాయం చేశారా?" అనేవారు. పదమూడో ఎక్కం దగ్గరే చేతులెత్తేసే ఆ మహానుభావుడు సిగ్గుతో మెలికలు తిరిగిపోయేవాడు. ఇప్పుడు కలకాలం ఆ గోడమీద ఒక తప్పుకు కాపలా కాయాలా? వెనక ఉంటే తన సూత్రమే ఉండాలి.

కాగితం మీద రాసిచ్చింది. చిత్రకారుడు పెదవి విరిచాడు.

"మరీ బక్కగా ఉందమ్మా. బల్ల బోసిపోతుంది."

"ఏడేళ్లు చెక్కి చెక్కి అంత సన్నగా చేశానయ్యా!"

"కాకిపిల్ల కాకికి ముద్దు. నేను రాయను."

"అయితే కుంచె ఇలా తే."

"జాగ్రత్తే, రంగు ఇంకా తడారలేదు," అన్నాడు భర్త.

పాత రాతమీద నల్లరంగు పూసి, తెల్లరంగుతో ముత్యాల్లా రాసింది. చివర తీసివేత గుర్తు కాస్త వంకరపోయింది. తరగతి గదిలో అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? ముంజేత్తో ఒక్క తుడుపు తుడిచింది. గుర్తు పోయింది. దాంతోపాటు బొమ్మలోని ముక్కు చెవిదాకా వెళ్లిపోయింది.

చిత్రకారుడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "గంటలో సభ! మొహం దిద్దాలంటే చుట్టూ మళ్లీ నలుపు పుయ్యాలి, ఆ రాత పోతుంది. మొహమో రాతో, ఒక్కటే చెప్పండమ్మా."

ఆవిడ భర్త వంక చూసింది.

"ముక్కు ఇంట్లో ఉందిగా, నేను రోజూ చూసుకుంటాను," అన్నాడాయన. "రాత ఉంచెయ్."

ఆవిడ గుర్తు మళ్లీ పెట్టింది. ఈసారి తిన్నగా.

తెర తీయగానే సభ బిగుసుకుపోయింది. ప్రిన్సిపాలు దగ్గి, "కొత్త తరహా కళ," అని చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ ముక్కు సంగతేమిటో చూద్దామని దగ్గరికెళ్లిన ఒక లెక్చరరు, చూపు జారి, వెనకున్న రాతలో పడ్డాడు. చాలాసేపు పెదాలు కదుపుతూ నిలబడ్డాడు.

"మేడమ్, ఈ రెండో పదం ఎలా వచ్చిందండీ?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి అంతవరకూ ఎవరూ అడగలేదు. మొహం చాటంత అయింది. "సుద్దముక్క ఉందా?" అంటూ అతన్ని పక్కగదిలోని బల్ల దగ్గరికి లాక్కుపోయింది.

వేదికమీద ప్రిన్సిపాలు పూలగుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. "ఇలా ఇవ్వండి," అంటూ భర్త లేచాడు. "ఆవిడకు ఇప్పట్లో తీరిక దొరకదు."